తోట తూము

రేవణ లెక్క సరిపోయింది. మూడుసార్లు వేసి చూసుకున్నా ఎక్కడా తప్పు దొరకలేదు. అయినా ఆ పొద్దున అతను గంజి ముట్టలేదు.

మూడేళ్ళుగా వానల్లేక పడమటి ఊళ్ళ జనం మూడువందల నలభైమంది సోమనకోటకు వలస వచ్చి, కోటవాకిలి బయట పాతచీరల నీడన పడి ఉన్నారు. లోపల మూడువేలమంది. అందరికీ ఉన్నది ఒకటే చెరువు. వచ్చినవాళ్ళను ఉండనివ్వాలా, తరిమేయాలా? తరిమేయాలన్న మాట కోటను ఏలే దళవాయి తన నోటితో అనలేదు. గడుసువాడు కదా! కోట క్షేమం విచారించి సలహా రాసిమ్మని మఠాన్ని అడిగాడు. మఠం మాటంటే ఊరికి గురి. మఠం ముద్ర పడ్డ కాగితం చావడిలో చదివితే ఇక నోరెత్తేవాడు ఉండడు.

మఠం పెద్ద మరుళయ్యస్వామి ఆ పని రేవణకు అప్పగించాడు. శిష్యుల్లో లెక్కలు బాగా వచ్చినవాడు అతనే. ఆ సంగతి అందరికన్నా అతనికే ఎక్కువ తెలుసు.

పదిహేను రోజులు రేవణ ఆ పనిమీదే ఉన్నాడు. రాసుకోవడానికి చల్లగా ఉంటుందని దళవాయి తన తోటలోని మంటపం ఇచ్చాడు. రోజూ పానకం పంపాడు. పని ముగిశాక కొలువులో చోటు ఇస్తానని కూడా అన్నాడు. రేవణ పొద్దున్నే చెరువు మెట్ల దగ్గర వెదురుగడ దించి నీటిమట్టం చూసేవాడు. రోజుకు ఎంత తగ్గుతోందో తేలింది. దాన్ని ఊరి జనంతో భాగిస్తే తలకు ఎంత ఖర్చో తేలింది. కొత్త తలలు కలిపి చూస్తే, మృగశిర కార్తె వానలకు పదిరోజుల ముందే చెరువు ఎండిపోతోంది. కాబట్టి వచ్చినవాళ్ళను పంపేయాలని రాశాడు.

“అయ్యా, ముద్ర వేయండి. మధ్యాన్నం చావడిలో చదువుతారంట,” అన్నాడు రేవణ.

స్వామి కాగితం మొదటినుంచి చివరిదాకా చదివాడు. మళ్ళీ చదివాడు.

“వీళ్ళు యాడికి పోతారు?”

“వచ్చిన దారినే, అయ్యా.”

“దారిలో నీళ్ళుండాయా?”

రేవణ నేలవైపు చూశాడు. “మూడు దినాల దారి. చుక్క లేదు.” అంతలోనే అతనికి ఉక్రోషం వచ్చింది. “నాకు మాత్రం బాధ లేదా అయ్యా? లెక్క అట్ల తేలింది. నన్నేం చేయమంటారు? అబద్ధం రాయమంటారా?”

“వద్దు నాయనా. అబద్ధం రాయొద్దు.” స్వామి చేతికర్ర అందుకుని లేచాడు. “పద, నీళ్ళు చూసొద్దాం.”

ఇద్దరూ చెరువుకట్ట ఎక్కారు. మెట్లు దాటి స్వామి ముందుకు సాగిపోయాడు. అక్కణ్ణుంచి అంతా ముళ్ళకంప. రేవణ ఎన్నడూ అటు రాలేదు. నీటిమట్టం మెట్ల దగ్గరే కనిపిస్తుంటే కంపల్లో పడి నడవాల్సిన పని ఏముందని అనుకున్నాడు.

కట్ట చివర, పల్లంలో, ఒక పాత రాతితూము. నీళ్ళకు అడ్డుగా ఉండాల్సిన దాని పలక పైకి ఎత్తి ఉంది. మనిషి తొడ లావున నీళ్ళు దూకి కాలవలో పడుతున్నాయి.

“ఈ నీళ్ళు యాడికి పోతాండాయి?” అని అడిగాడు స్వామి.

“తెలీదయ్యా.”

“పోయి చూసి రా.”

రేవణ కాలవ వెంట నడిచాడు. కొంతదూరం పోయాక కాలవ ఒక ఎత్తైన గోడ కింద దూరింది. రాళ్ళమీద కాలు పెట్టి, గోడ పట్టుకుని లోపలికి తొంగిచూశాడు. అరటిచెట్లు గెలలు వేసి ఉన్నాయి. మల్లెపాదుల్లో నీళ్ళు నిలిచి ఉన్నాయి. వాటి నడుమ ఆ కాలవ నీళ్ళే నీటిబుగ్గగా నిలువెత్తున ఎగజిమ్ముతున్నాయి. బుగ్గ పక్కనే మంటపం. మంటపంలో అతని చాప, అతని సిరాబుడ్డి.

పదిహేను రోజులు ఆ బుగ్గ చప్పుడు వింటూనే రాశాడు. ఆ తుంపరతోనే మొహం తుడుచుకున్నాడు. జనాన్ని ఒక్కొక్క తలగా లెక్కపెట్టినవాడికి, తల లేని తోట ఒక్కనాడూ గుర్తుకురాలేదు. తోట తాగిన నీళ్ళన్నీ జనం తాగినట్టే లెక్కకట్టాడు. రేవణకు చచ్చేంత సిగ్గేసింది. గోడ దిగేసరికి ఆ సిగ్గు కాస్తా కోపమైంది.

పరుగున వెనక్కి వచ్చేసరికి నీటి చప్పుడు ఆగిపోయి ఉంది. స్వామి తూము పలకను కిందికి దించేసి, దాని అంచుమీద కండువా మడిచి వేసుకుని కూర్చున్నాడు.

“అయ్యా, అది దళవాయి తోట!”

“లెక్క మళ్ళీ వేసుకో నాయనా. తొందరేం లేదు. నువ్వు వేసేదాకా నేనీడనే కూచుంటా.”

రేవణ వెంట తెచ్చుకున్న కాగితం తిరగేసి వేళ్ళు మడవడం మొదలుపెట్టాడో లేదో, కాలవగట్టున అడుగుల చప్పుడయింది. బుగ్గ ఆగిపోయిందని తోట కావలివాడు ఇద్దరు బంట్లను వెంటేసుకుని వచ్చాడు. మనిషి తలుపంత ఉన్నాడు.

“ఎవురు మూసింది?”

“నేనే,” అన్నాడు స్వామి.

“దొరగారి తోట ఎండిపోతాది. లెయ్ స్వామీ.”

“ఎండనీ.”

“ఎవుర్నడిగి మూసినావు?”

“తెరిచినప్పుడు మీరు ఎవుర్నడిగినారు?”

కావలివాడు బంట్ల వంక చూశాడు. వాళ్ళు వేరేవైపు చూశారు. వాడికి రోషం పొడుచుకొచ్చింది. “మఠంవాడివని మర్యాద ఇస్తాండా. ఎముకలగూడువి. నిన్ను ఎత్తి అవతల పెట్టేదానికి నా ఎడమచెయ్యి చాలు.”

“చాలు,” అని ఒప్పుకున్నాడు స్వామి. “నువ్వన్నది నిజమే.”

కావలివాడు అడుగు ముందుకేశాడు. అప్పుడు రేవణను చూసి గుర్తుపట్టాడు. “అరె, మీరా? చావడిలో అందరూ మీకోసరం చూస్తాండారు. దొరగారు పల్లకీ కూడా పంపినారు. మీరు పోండి సామీ, ఈ ముసలాయన సంగతి నేను చూస్తా.”

పల్లకీ ఎక్కి చావడికి పోయేవాడి బతుకు ఎట్లా ఉంటుందో రేవణకు బాగా తెలుసు. ఈ తూము దగ్గర నిలబడ్డవాడికి ఏమవుతుందో కూడా తెలుసు. భయమేసింది. అయినా కదలలేదు.

కాగితం నాలుగుగా చించి ముళ్ళకంపలో పడేశాడు. పంచె ఎగగట్టి, స్వామి పక్కన పలకమీద కూర్చున్నాడు. మఠం గంజి తాగి పెరిగినా మంచి ఒడ్డూపొడుగూ ఉన్న మనిషి. పలక కిర్రుమని ఇంకో అంగుళం దిగింది.

స్వామి కొంచెం జరిగి చోటిచ్చాడు. తల ఎత్తి కావలివాడి కళ్ళలోకి చూశాడు.

“ఇప్పుడు? ఎడమచెయ్యి చాలుతాదా?” అన్నాడు.