మూత బిగించిన బూడిద

ఆ రోజు పైడిరాజు కాలు నేల మీద నిలవలేదు. ల్యాబులో బూడిద రేడియేషన్ కొలిచాడు, అంకె చాలా తక్కువ వచ్చింది.

ఎర్రయ్యమ్మ సంఘం ఆడవాళ్ళు కరెంటు ఫ్యాక్టరీ బూడిదతో ఇటుకలు పోస్తారు. ఆ బూడిదలో రేడియేషన్ ఉందట అని ఎవరో మాట పుట్టించారు. అంతే, ఆ ఇటుకలతో కడుతున్న బడి గోడలు మొండిగా ఆగిపోయాయి, ఇటుక కొనే నాథుడు లేడు. ఇలాగే సాగితే ఇటుకల మిషను అమ్ముకోవడమే. బూడిదతో భయం లేదని రేపే కాగితం ఇచ్చేస్తానని పైడిరాజు ఎర్రయ్యమ్మకి మాటిచ్చేశాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!

అతని గురువు జమాలుద్దీన్ మాస్టారు అంకె చూశారు గానీ సంతకం పెట్టలేదు. బూడిద పోసిన డబ్బా మూత ఎప్పుడు బిగించావని అడిగారు. నిన్ననే అన్నాడు పైడిరాజు.

పద్ధతి తెలియక కాదు. బూడిదలోని రేడియం నుంచి రేడియేషన్ చిమ్మే ఒక వాయువు పుడుతుంది. పొడి కొట్టి ఎండబెట్టేటప్పుడు అది కొంత గాల్లో కలిసిపోతుంది. మూత బిగించి నెల్లాళ్ళు ఉంచితే మళ్ళీ నిండుతుంది, అప్పుడు కొలిస్తేనే అసలు లెక్క. కానీ ఇంత తక్కువ అంకె పెరిగినా ఎంత పెరుగుతుందిలే, అవతల ఆడవాళ్ళు పస్తులుంటే మనం పద్ధతి పట్టుకు కూర్చుంటామా అని అతని వాదన. గొంతు కూడా కాస్త లేచింది.

మాస్టారు కోప్పడలేదు. భోజనానికి రమ్మన్నారు. చివర్లో గిన్నె వంచి అన్నంలో పెరుగు వేశారు. చూస్తే గోరువెచ్చని పాలు.

"ఇంకా తోడుకోలేదు మాస్టారూ."

"పెరుగేరా. ఇందాకే తోడేశాను. తిను."

పైడిరాజు తల వంచుకుని ఆ పాలన్నమే తిన్నాడు. చెయ్యి కడుక్కుని తిన్నగా ల్యాబుకి పోయి, డబ్బా మూత చుట్టూ ఇంకో వరస టేపు బిగించాడు. సాయంత్రం ఎర్రయ్యమ్మ దగ్గరికెళ్ళి నెల ఆగాలని చెప్పాడు. ఆవిడ దుమ్మెత్తి పోసింది.

నెల గడిచాక కొలిస్తే అంకె నిజంగానే పెరిగింది. పైడిరాజు లెక్క మళ్ళీ కట్టాడు. ప్రభుత్వం పెట్టిన హద్దుకి ఇంకా చాలా కిందే ఉంది! ఈసారి మాస్టారు కాగితం మీద సంతకం పెట్టారు.

మొండిగోడల మధ్యే మీటింగు పెట్టారు. పైనుంచి వచ్చిన ఇంజనీరు కాగితం తిరగేసి ఒక్కటే అడిగాడు, డబ్బా మూత బిగించి ఎన్నాళ్ళుంచారని. మొదటి అంకెతోనే కాగితం ఇచ్చి ఉంటే ఏం చెప్పేవాడినో అనుకుంటే పైడిరాజుకి చెమట పట్టింది.

"నెల పైనే ఉంచాం సార్."

రేపట్నుంచే గోడలు లేపమన్నాడు ఇంజనీరు. ఆడవాళ్ళ చప్పట్లకి ఆవరణ దద్దరిల్లింది. తిట్టిన నోటితోనే ఎర్రయ్యమ్మ పైడిరాజుని దీవించి, మాస్టారి వైపు తిరిగింది.

"ఇంతకీ ఆ రేడియేషన్ ఉన్నట్టా లేనట్టా బాబూ?"

"ఉందమ్మా. నేలలో ఉంది, రాతిలో ఉంది, నీలో నాలో ఉంది," అన్నారు మాస్టారు. "ఎంతుందో చెప్పినవాడు మాత్రం, అడుగో, మావాడు."