అగ్గిపుల్ల ముక్క

జాలరి సింహాద్రి శవం ఒడ్డుకొచ్చిన నాలుగో రోజున, పడవలు బాగుచేసే అప్పలస్వామి తన గురువుగారైన బాజీ సాహెబు దగ్గరికి వచ్చాడు. సాహెబు జీవితమంతా తెరచాప పడవలు కట్టినవాడు. నమాజుకు తప్ప పనిలోంచి లేవడు. మాటలు మాత్రం బహు పొదుపు.

ముసురు పట్టి ఉంది. సింహాద్రి పడవను ఇసుకలోకి లాగి పెట్టారు.

"గాలికి కొక్కెం ఊడిపోయిందండి," అన్నాడు అప్పలస్వామి. "తెరచాప తాడు వదిలేసింది, పడవ తిరగబడింది. బాగుచేసి వాళ్ల ఆవిడ మసేనమ్మకి అప్పగిద్దామనండి. ఈసారి లావు స్క్రూలు వేస్తే ఆగుతాయా అండీ?"

సాహెబు పడవెక్కాడు. కొక్కెం ఉన్నచోట నాలుగు ఖాళీ బెజ్జాలు మిగిలాయి. ఒకదాంట్లో మేకు పెట్టి గీకాడు. తడిసి కుళ్లిన నల్లపొట్టు వచ్చింది, దాంతోపాటు విరిగిన అగ్గిపుల్ల ముక్క.

అప్పలస్వామి తల దించుకున్నాడు. ఆ కొక్కెం బిగించింది తనే. బెజ్జం వదులైతే అగ్గిపుల్లలు కుక్కి, జిగురు పోసి, స్క్రూ బిగించేసేవాడు. అంత చిటికెలో పని ముగించేవాడు ఆ రేవులోనే లేడని పేరు. పైన పటారం, లోన లొటారం. అయినా ఆ పేరంటే అతనికి ప్రాణం.

సాహెబు చెక్కను తొలిచే బర్మా తెచ్చి చేతికిచ్చాడు.

"తొలుచు."

అప్పలస్వామి కాసేపు తిప్పి ఆగాడు. "చాలాండీ?"

"ఏం రంగొచ్చింది?"

"నలుపేనండి."

"ఇంకా."

బెజ్జం బొటనవేలంత అయింది. అతనికి భయమేసింది. "పెద్దదైపోతోందండి. ఉన్న చెక్క కూడా పోతుందేమో."

"ఏం రంగొచ్చింది?"

"నలుపే."

"ఇంకా."

చివరికి పసుపుపచ్చ పొట్టు రాలింది, పొడిగా, టేకు వాసనతో. అప్పుడు సాహెబు టేకు బిరడాను జిగురులో ముంచి అందులో దిగగొట్టాడు. మిగతా మూడూ అప్పలస్వామే తొలిచాడు, ఒక్కసారి కూడా ‘చాలా?’ అని అడగకుండా.

నాలుగో బిరడా దిగాక అతను బర్మా పక్కన పెట్టి కూర్చుండిపోయాడు.

"గాలి వల్లేనని చెప్పానండి మసేనమ్మకి. నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నువ్వు ముందే బాగుచేసి పెట్టావు అన్నయ్యా, మా రాతే బాలేదు అంది." ముఖం మీది వాన తుడుచుకున్నాడు. "ఇప్పుడు నిజం చెబితే ఆవిడ గుండె ఇంకా బద్దలవుతుంది కదండీ. రేవులో నాకు పని కూడా ఎవరూ ఇవ్వరు."

సాహెబు అగ్గిపుల్ల ముక్కను అతని అరచేతిలో పెట్టాడు.

"ఏం రంగొచ్చింది?"

అప్పలస్వామి గుప్పిట మూశాడు. తర్వాత లేచి, వానలోనే మసేనమ్మ ఇంటికి నడిచాడు.

ఆవిడ తలుపు తీసి తువ్వాలు అందించబోయింది. "ఎంత తడిసిపోయావు అన్నయ్యా. లోపలికి రా."

అతను గడప దాటలేదు. బయటే నిలబడి గుప్పిట తెరిచాడు.