నవనీత్ తెచ్చిన రూటర్

ఏది కొనమంటారని అడిగితే పరిమి రత్నాకరం గారు ఏదీ కొనమనరు. ఎవరో కొన్నప్పటి సంగతి చెబుతారు. ఆయన నెట్‌వర్కింగ్ పాఠం చెప్పే విశ్వవిద్యాలయంలో ఈ అలవాటు తెలియనివాళ్లు లేరు. తెలిసీ వెళ్లి అడుగుతూనే ఉంటారు.

ఈసారి అడిగింది వకుళ. రెండో సంవత్సరం పిల్ల, చురుకైనది, ఇంటర్నెట్‌లో సమీక్షలన్నీ జల్లెడ పట్టి మరీ వచ్చింది. "సార్, సాధనకి ఏ రూటర్ కొనుక్కోమంటారు? సాఫ్ట్‌వేర్ ఏది వేసుకోమంటారు? ఒకసారి కొంటే మళ్లీ దాని గురించి ఆలోచించక్కర్లేనిది చెప్పండి," అంది.

ఆ చివరి మాటకి ఆయన ముఖం చిన్నబోయింది. "కూర్చోమ్మా," అని మొదలుపెట్టారు.

నవనీత్, మస్తాన్ అని ఆయన పాత శిష్యులిద్దరు హాస్టల్లో ఒకే గదిలో ఉండేవారు. మస్తాన్‌కి ఒక పెద్ద పరిశోధన సంస్థ నుంచి ఆన్‌లైన్ ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ఆ విభాగంలో అంతకుముందు ఎవరికీ అలాంటి పిలుపు రాలేదు. స్నేహితుడి గొంతు మధ్యలో తెగిపోకూడదని నవనీత్ ఊళ్లో దొరికేవాటిలోకెల్లా గొప్ప రూటర్ ఏరి తెచ్చాడు. ప్రేమతోనే తెచ్చాడు. ఈ మాట రత్నాకరం గారు ఆగి మళ్లీ చెప్పారు.

ఇంటర్వ్యూ రోజు రెండో శనివారం. ల్యాబ్ మూసి ఉంది, పక్క గదులవాళ్లు ఊళ్లకు పోయారు, ఆ గోడల మధ్య ఫోన్ సిగ్నల్ అంతంతమాత్రం. హడావుడిలో నవనీత్ గోడలోంచి వచ్చే కేబుల్‌ని రూటర్ వెనక ఒక పోర్టులో పెట్టబోయి పక్క పోర్టులో పెట్టాడు. నెట్‌వర్క్‌లో ప్రతి కంప్యూటర్‌కీ ఒక అడ్రసు కావాలి. హాస్టల్ మొత్తానికీ దాన్ని పంచే యంత్రం వేరే ఉంది. ఇప్పుడు ఈ కొత్త రూటర్ కూడా పెద్దరికం మీద వేసుకుని అడ్రసులు పంచడం మొదలెట్టింది. వాటితో బయటికి దారి లేదు. మస్తాన్ లాప్‌టాప్ ఆ అడ్రసు పుచ్చుకుని అక్కడే ఆగిపోయింది.

నవనీత్ డెస్క్‌టాప్ మాత్రం చక్కగా నడిచింది. ఈ చదువు చదివేవాళ్లకు ఉండే సరదా కొద్దీ, తన కంప్యూటర్‌కి అడ్రసు ఎప్పుడో తనే ఇచ్చుకున్నాడు, అందుకని అది కొత్త రూటర్‌ని అడ్రసు అడగలేదు. అయితే దానికి కెమెరా లేదు, మైకూ లేదు. తనది నడుస్తోంది గనక లోపం మస్తాన్ లాప్‌టాప్‌లోనే ఉందని తేల్చేశాడు.

"కొత్తది తీసేసి కేబుల్ నేరుగా పెట్టి చూద్దాంరా," అన్నాడు మస్తాన్.

"దాని జోలికెళ్లకు. అన్నీ చూసే కొన్నాను. నీ సాఫ్ట్‌వేరే బాలేదు."

మస్తాన్ లాప్‌టాప్‌లో ఉన్నదంతా తుడిచేసి, తనకు నచ్చిన సాఫ్ట్‌వేర్ ఎక్కించడం మొదలెట్టాడు. డెస్క్‌టాప్‌లోంచి మెయిల్ పెట్టి కాస్త సమయం అడుగుదామని మస్తాన్ అంటే, అయిపోవచ్చింది ఉండమన్నాడు. మస్తాన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, తెర మీద గీత నెమ్మదిగా నిండడం చూస్తూ పక్కన నిలబడ్డాడు. ఇంటర్వ్యూ వేళ వచ్చింది, వెళ్లిపోయింది.

అంతా ఎక్కాక కూడా నెట్ రాలేదు. అప్పుడు మస్తాన్ వంగి, రూటర్లోంచి గోడ కేబుల్ పీకి లాప్‌టాప్‌కి తగిలించాడు. వెంటనే వచ్చింది. అభ్యర్థి హాజరు కాలేదన్న మెయిల్ కూడా వచ్చింది. ఎంత బతిమాలి రాసినా అట్నుంచి మళ్లీ జవాబు లేదు.

"పోట్లాడుకున్నారా సార్?" అంది వకుళ.

"పోట్లాడుకుంటే బాగుండేదమ్మా. 'నా కోసమే కదరా తెచ్చావు' అన్నాడట మస్తాన్, అంతే. ఆ తర్వాత నవనీత్ వాడి ఎదుట పడలేకపోయాడు. వాడు కనబడితే వెనక్కి తిరిగి వేరే మెట్లు ఎక్కేవాడు."

వకుళ రాసుకోవడానికి పెన్ను తీసింది. "ఇంతకీ అది ఏ కంపెనీది సార్? నేను దాని జోలికి పోను," అంది.

రత్నాకరం గారు నవ్వలేదు.

"కంపెనీదేముందమ్మా, రూటర్ మంచిదే. నువ్వూ మంచిదే కొంటావు. కొనేముందు ఒక్కటి చూసుకో. రేపు నెట్ రాకపోతే దాన్ని అనుమానించడానికి నీకు మనసొప్పుతుందా?"