నడిమి కాలు లేని బల్ల

ముందు పైవాడికి ఓ దండం పెట్టుకుందాం, ఆ తర్వాత నక్క సంగతి చెప్పుకుందాం. దండం పెట్టకుండా నక్క పేరెత్తితే కథ మధ్యలోనే మనల్ని ముంచేస్తుంది.

ఇప్పచెట్ల కోనలో గంగులనే ఎలుగుబంటి కాపురం ఉండేవాడు. తేనె, ఇప్పపూలు తప్ప నీసు ముట్టడు. ఆ ఎండాకాలం వాగు అడుగంటి చేపలు బురదలో కొట్టుకుంటుంటే చూడలేక, గంగాళంలోకి ఎత్తి ఇంటికి తెచ్చాడు. వానలు పడేదాకా వాటిని ఉంచడానికి పేద్ద గాజుతొట్టి ఒకటి సంపాదించాడు. పట్నంలో దాన్ని అక్వేరియం అంటారట. తొట్టి వచ్చింది సరే, దానికి కింద బల్ల కావాలి, పైన చెక్క కప్పు కావాలి, వెనక బొమ్మ గీసిన పలక కావాలి. ఆ పనికి నక్క కొండలు మేస్త్రి ఒప్పుకున్నాడు. ఒప్పుకోడా మరి! ఆ చేపలు వాగులో ఉన్నప్పటినుంచే వాటిమీద అతగాడి కన్ను.

కొండలుది ఒక పద్ధతి. కంటికి కనపడేచోట ప్రాణం పెడతాడు, కనపడనిచోట చేతివాటం చూపిస్తాడు. కప్పుమీద తామరపూలు చెక్కాడు. వెనక పలకమీద కొండల్నీ జలపాతాన్నీ ఎలా గీశాడంటే, ఎదురుగా నిలబడితే మొహాన తుంపర పడ్డట్టే ఉండేది. బల్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం, నడిమి కాలు కోసం గంగులు తెచ్చిచ్చిన టేకుదుంగ మాయమైపోయింది.

వడ్రంగిపిట్ట నూకాలు వచ్చి, బల్లని ముక్కుతో టకటకా కొట్టి చూసింది.

"ఏమయ్యా మేస్త్రీ, నడిమి కాలేదీ?"

"అది పెడితే కింద అర ఇరుకైపోదూ? పైడమ్మక్క సామాన్లెక్కడ పెట్టుకుంటుంది?"

గంగులు పెళ్లాం పైడమ్మ అర తలుపులు తీసి చూసి మురిసిపోయింది. "నిజమేనే నూకాలూ. ఇందులో ఓ కాపురం పెట్టొచ్చు."

"నీళ్ల బరువు ఎంతుంటుందో తెలుసా నీకు?" అంది నూకాలు, మేస్త్రిని వదలకుండా.

"నీళ్లకి బరువేమిటే! వేలెడు చేపపిల్ల కూడా నెత్తిన పెట్టుకుని తిరుగుతోంది."

అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వులో నూకాలు మాట కొట్టుకుపోయింది.

కొత్త తొట్టికి పూజ చేసి చుట్టాలకి భోజనాలు పెట్టే రోజు వచ్చింది. కొండలు లెక్క కొండలుకుంది. పూజ కాగానే అందరూ పెరట్లో విస్తళ్ల ముందు కూర్చుంటారు. తొట్టి నింపేది భోజనాలయ్యాకే. అందాకా చేపలు గంగాళంలో, గంగాళం బల్ల పక్కన. ఇంకేం కావాలి? హారతికి అందరూ కళ్లు మూసుకోగానే అరలో దూరి తలుపులు లాక్కున్నాడు. కాలు అడ్డం లేకపోతే ఎంత సుఖమో అనుకుంటూ కాళ్లు చాపుకున్నాడు.

"లేవండి, విస్తళ్లు వేశారు," అన్నాడు బయట గంగులు.

లోపల కొండలుకి నోరూరింది.

"ఆగండాగండి," అంది పైడమ్మ. "గృహప్రవేశం ఎవరిది? చేపలది. ఇంటివాళ్లు గడప దాటకుండా చుట్టాలు భోంచేస్తారా ఎక్కడైనా? ముందు తొట్టి నింపండి."

"బిందెలతో మోస్తే పొద్దుగూకుతుంది కదే!"

"బిందెలెందుకు? అప్పన్నా, ఇలా రా తమ్ముడూ!"

ఏనుగు అప్పన్న బావి దగ్గరికెళ్లి తొండం నింపుకొచ్చాడు. కిటికీలోంచి, ఓ వారకి జరిపిన కప్పు సందులోంచి తొట్టిలోకి వదిలాడు. బల్ల కిర్రుమంది. మళ్లీ వెళ్లొచ్చి వదిలాడు. పై పలక వంగి కొండలు వీపుకి ఆనింది. తలుపు తోశాడు, రాలేదు. వంగిన పలక తలుపుల్ని బిగబట్టేసింది. ఇంకో తొండం పడేసరికి నాలుగు కాళ్లూ నేలకి తన్నిపెట్టి, పలకని వీపుతో ఎత్తిపట్టాడు. ఆ బల్లలో ఏం లేదో ప్రపంచంలో అందరికన్నా అతగాడికే బాగా తెలుసు. ఆ పైన కప్పు బరువొకటి. ఇంత మందపు చెక్కమీద తామరపూలు చెక్కమని నాకెవడు చెప్పాడురా దేవుడా అని ఏడ్చుకున్నాడు.

అరిస్తే దొంగగా దొరికిపోతాడు. అరవకపోతే అప్పడమైపోతాడు. నక్కబుద్ధి కదా, మూడో దారి వెతికింది. గొంతు మార్చి, "నాయనా గంగులూ... నేను గంగమ్మనురా. నీళ్లు చాలు," అన్నాడు.

బయట గంగులు సాగిలపడిన చప్పుడు.

"తల్లీ, పలికావా! అప్పన్నా, పొయ్యి, పొయ్యి!"

"చాలంటున్నానా!"

"మన ఇంటికొచ్చినవాళ్లు చాలంటే ఆపేస్తామా? మర్యాదకి అంటారు," అంది పైడమ్మ. "కొసరి కొసరి పొయ్యి తమ్ముడూ."

అప్పన్న కొసరి పోశాడు.

"బాబోయ్! గంగమ్మా కాదు, ఎవరూ కాదు, నేను బాబూ, మేస్త్రిని! కింద నడిమి కాలు లేదు బాబూ, ఇంకొక్క చుక్క పడితే నేనూ ఉండను!"

నూకాలు తలుపుకి చిల్లు పొడిచి కన్ను పెట్టి చూసింది.

"పైడమ్మక్కా, మేస్త్రిని ఊరికే ఆడిపోసుకున్నాను. నడిమి కాలు పెట్టాడే. ఒకటి కాదు, నాలుగు. తోక కూడా ఉంది."

గంగులు లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. గొంతు పెంచలేదు.

"టేకుదుంగ ఏదయ్యా?"

"ముందు నీళ్లు తోడించండి బాబూ!"

"ఏదయ్యా?"

"మా ఇంటి గుమ్మానికి పెట్టుకున్నాను."

"అప్పన్నా, వెళ్లి ఊడదీసుకురా."

"మరి నేనో?" అన్నాడు కొండలు, అరలోంచి.

"నువ్వు కాలువి కదయ్యా. కాలు కదలకూడదు."

అప్పన్న గుమ్మం భుజానేసుకుని తాపీగా వచ్చాడు. తొండంతో బల్లని వెంట్రుకవాసి ఎత్తిపట్టాడు. బిగిసిన తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. మేస్త్రిని ఇవతలికి లాగి, దుంగని లోపలికి నెట్టి నిలబెట్టారు. పైడమ్మ పసుపునీళ్లు చల్లి చేపల్ని తొట్టిలోకి వదిలింది. అవి కొండలు గీసిన జలపాతం ముందు బారులు తీరి ఈదాయి.

"రా మేస్త్రీ, పూజ ఇంట్లో పస్తు వెళ్లకూడదు," అని పైడమ్మ విస్తరి వేసింది. పాపం, కూర్చుందామంటే నడుం వంగలేదు, లేద్దామంటే నిలవలేదు. విల్లులా ఒంగిన వీపుతో కొండలు గుమ్మం లేని ఇంటికి దారి పట్టాడు.

కనపడనిచోట కాజేసిన చెక్క బరువు కాజేసినవాడి వీపుమీదికే వస్తుంది.