ఎల్లాజీ దాచిన సీసా

కొత్త పడవకు ఇంజను ఒకటి పెట్టాలా, రెండు పెట్టాలా అన్నది గరికిన పరదేశి తేల్చుకోలేకపోయాడు.

పడవ ముప్పై రెండు అడుగుల ఫైబరు బోటు. రంగు వేసి తమ ఊరు గుల్లగండి ఒడ్డున దుంగల మీద నిలబెట్టారు. వెనక పలకకు ఇంజను బిగించడమే మిగిలింది. పట్నంలో షాపువాడు నలభై హెచ్‌.పి. ఇంజను ఒకటి, ఇరవై హెచ్‌.పి.వి రెండు చూపించి, ఏది కావాలో శుక్రవారంలోగా చెప్పమన్నాడు.

ఊళ్లో ఎవరిని అడిగినా తలోమాట చెప్పారు. ఒకటైతే బరువు తక్కువ, పెట్రోలు తక్కువ తాగుతుంది, పడవను ఒడ్డుకు లాగడం తేలిక అన్నారు కొందరు. రెండైతే ఒకటి మొరాయించినా రెండోది ఇంటికి చేరుస్తుంది అన్నారు మిగతావాళ్లు.

పరదేశి మనసు రెండింటి మీదే ఉంది. కారణం అందరికీ తెలుసు. కిందటేడు వానాకాలంలో అతని అన్న ధనరాజు ఒంటి ఇంజను పడవ మీద మరో ఇద్దరితో వేటకు వెళ్లాడు. ఇంజను ఆగిపోయింది. ఆ సాయంత్రం గాలి తిరిగింది. పదహారు రోజుల తర్వాత పడవ ఒడిశా తీరంలో దొరికింది. మనుషులు దొరకలేదు.

ఇప్పుడు పరదేశి పడవ ఎక్కడానికి నలుగురు పేర్లిచ్చారు. అతను బుధవారం నాడు సూరాడ ఎల్లాజీ దగ్గరికి వెళ్లాడు.

ఎల్లాజీకి డెబ్బై ఒక్క ఏళ్లు. ముప్పై ఏళ్లు తండేలుగా చేశాడు. పడవ నడిపించేదీ, పడవలో ఉన్న ప్రాణాలకు జవాబు చెప్పుకోవలసిందీ తండేలే. పరదేశి పన్నెండేళ్లు ఆయన దగ్గర పని నేర్చుకున్నాడు. ఎల్లాజీ నోటితో నేర్పే మనిషి కాడు. లంగరుకు తాడు వదులుగా కట్టిన రోజున పరదేశి కొత్త చొక్కా విప్పించి, సరిగ్గా అలాంటి ముడితోనే దాన్ని తాడుకు కట్టి నీళ్లలోకి వదిలాడు. చొక్కా తిరిగి రాలేదు. ఆ తర్వాత పరదేశి కట్టిన ముడి ఊడలేదు.

ఎల్లాజీ గుమ్మం ముందు కూర్చుని వల బాగుచేస్తున్నాడు.

"మావా, ఒకటా, రెండా?"

"నువ్వేటి అనుకుంతన్నావు?"

"రెండు. ఒకటి సచ్చినా ఒకటి బతికుంటాది. అన్నకి రెండోది ఉండుంటే..."

ఎల్లాజీ దారాన్ని పంటితో తెంపాడు. "రెండింజన్ల బోటు ఎవులి కాడుంది?"

"పక్కూరు బంగారయ్య కాడ."

"రేపటికి అడిగి తే. నాను కూడా వత్తాను."

పరదేశి తెల్లబోయాడు. ఎల్లాజీ పడవెక్కి నాలుగేళ్లయింది.

గురువారం ఉదయం అయిదు నలభైకి బంగారయ్య బోటు గుల్లగండి ఒడ్డున సిద్ధంగా ఉంది. పరదేశి వదిన పోలమ్మ పెట్రోలు డబ్బా నెత్తిన పెట్టుకుని వచ్చింది.

ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. వేటకు వెళ్లేవాడు తన ట్యాంకు తాను నింపుకోడు. ఒడ్డున ఉండిపోయే ఇంటిమనిషి నింపాలి. తిరిగి రమ్మని చెప్పడం అదే. నోటితో ఎవరూ చెప్పరు. పెళ్లికాని పరదేశికి ఇంటిమనిషి అంటే వదినే.

ఎల్లాజీ తువ్వాలులో ఏదో చుట్టి చంకలో పెట్టుకుని వచ్చాడు. తువ్వాలు అంచున గాజు మూతి కనిపించింది.

"ఏటి మావా, ఈ వయసులో సీసా పట్టుకుని సంద్రానికి బయల్దేరినావు?" అంది పోలమ్మ. "మోకాళ్లు నొప్పులా?"

"నా మందు కాదమ్మా."

"మరెవులిది?"

ఎల్లాజీ పడవ అంచు పట్టుకుని ఎక్కడానికి రెండుసార్లు ప్రయత్నించాడు. మూడోసారి పరదేశి వెనక నుంచి తోశాడు. పోలమ్మ నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, ట్యాంకు నింపుతూ అంది: "రెండింజన్లే పెట్టించు మావా ఈడి సేత. ఒంటి ఇంజనే నా కొంప ముంచింది."

ఎల్లాజీ ఆమె చేతిలోని డబ్బానే చూస్తున్నాడు.

ఏడున్నరకు పన్నెండు మైళ్లు దాటారు. కొండలు కనిపించడం మానేశాయి. గాలి లేదు. రెండు ఇంజన్లూ ఒకే శ్రుతిలో మోగుతున్నాయి. పరదేశి ముఖం వెలిగిపోతోంది.

"ఇప్పుడు సూడు మావా," అని ఎడమ ఇంజను కట్టేశాడు. పడవ కాస్త నెమ్మదించింది, ఆగలేదు. "సూసినావా? ఇదే నాను సెప్పింది. ఒకటి పోయినా ఇంటికెల్లిపోతాం."

"సూసినాను," అన్నాడు ఎల్లాజీ. "రెండూ ఎయ్యి."

పరదేశి రెండూ వేశాడు. ఎల్లాజీ తువ్వాలు విప్పాడు. ముప్పావు లీటరు సీసా. మూతికి గుడ్డ కట్టి, పైన మైనం పోసి ఉంది. ఆయన గోటితో మైనం గీకి, గుడ్డ విప్పి, ట్యాంకు మూత తిప్పి, సీసాను అందులోకి వంచాడు. గుడగుడమని చివరి చుక్క వరకూ పోయింది.

"ఏటి పోసినావు?"

"ఆయిలు." పెట్రోలును ఆ ఊళ్లో అలాగే అంటారు.

నాలుగు నిమిషాల తర్వాత ఎడమ ఇంజను దగ్గింది. మళ్లీ దగ్గి ఆగిపోయింది. పరదేశి ఇంజను లేపే తాడు అందుకునే లోపల కుడి ఇంజను కూడా ఆగిపోయింది. రెండింటికీ మధ్య పది సెకన్లు కూడా లేవు.

చెవులు హోరెత్తేంత నిశ్శబ్దం. పడవ అడ్డం తిరిగి మెల్లగా ఊగడం మొదలుపెట్టింది.

పరదేశి ఎడమ ఇంజను తాడు పదిసార్లు లాగాడు. కుడిదాని తాడు పదిసార్లు లాగాడు. తెడ్ల కోసం వలల కింద వెతికాడు. తెడ్లు లేవు. తెరచాప గుడ్డా లేదు. రెండింజన్లు ఉన్నాయి కదా అని బంగారయ్య అవన్నీ ఇంట్లో పెట్టేశాడు. ఫోను తీశాడు. సిగ్నల్ లేదు.

"మావా! ఏటి సేసినావు మావా!"

ఎల్లాజీ ఖాళీ సీసాను పలక మీద నిలబెట్టాడు. "ఇంజన్లు ఎన్ని?"

"రెండు."

"అవి తాగిన ట్యాంకులు?"

పరదేశి ట్యాంకు వంక చూశాడు. ఒకటే. దానిలోంచి రెండు గొట్టాలు రెండు ఇంజన్లకూ వెళ్తున్నాయి. ఒంగి, గొట్టం మధ్యలో ఉన్న ఫిల్టరు గిన్నె విప్పి చూశాడు. పైన పలచగా ఎర్రటి పొర. దాని కింద అంతా రంగులేని నీళ్లు.

"నీల్లు కలిపిన ఆయిలా? అది నీకాడ ఎందుకుంది?"

"కలిపింది నాను కాదు."

"మరెవులు?"

ఎల్లాజీ నెమ్మదిగా చెప్పాడు. "ఒడిశాలో మీయన్న పడవని సూడ్డానికి ఎల్లింది నాను కదా. ట్యాంకులో ఇంకా సగముంది. అడుగునున్నది ఈ సీసాలోకి వంపినాను. కొత్త ఆయిలు పోసి తాడు లాగితే రెండో లాగుకే ఇంజను లేసింది. ఇంజనుకి ఏ జబ్బూ లేదు."

పరదేశి చేతిలోంచి ఫిల్టరు గిన్నె జారి పడవ అడుగున దొర్లింది.

అన్న వెళ్లిన ఆ రోజు అతనికి జ్వరం. అందుకే అన్నతో వెళ్లలేదు. వదిన పుట్టింటికి వెళ్లి ఉండడంతో ఒడ్డున ఉండిపోయే ఇంటిమనిషి తనే అయ్యాడు. ఇంటి వెనక పెట్రోలు డ్రమ్ము నిలబెట్టి ఉంది. అంతకుముందు మూడు రోజులు వాన. డ్రమ్ము పైన పళ్లెంలా గుంటగా ఉండే చోట వేలి కణుపంత నీళ్లు నిలిచి ఉన్నాయి, సరిగ్గా బిరడా చుట్టూ. జ్వరం చేత్తో వాటిని ఇటూ అటూ తుడిచి బిరడా విప్పాడు. మిగిలిన నీళ్లు లోపలికి జారడం చూసుకోలేదు. డబ్బాలోకి పట్టాడు. ట్యాంకు నింపాడు. అన్న పడవెక్కుతూ, "ఎల్లి పడుకోరా," అన్నాడు.

పరదేశి ట్యాంకు మూత మీద చెయ్యి పెట్టాడు.

"నానే పోసినాను."

ఎల్లాజీ సీసా మూతికి కట్టిన గుడ్డను మడత పెట్టాడు.

"నీకు తెల్సు. ఏడాది బట్టీ తెల్సు."

"తెల్సు."

"ఎందుకు సెప్పలేదు?"

"అప్పుడు నీ పడవలో మనుసులు లేరు."

పరదేశి పలక మీద కూలబడ్డాడు. ఏడవలేదు. ఖాళీ సీసా వంకే చూస్తూ కూర్చున్నాడు. గాలి లేకపోయినా నీటి వాలుకు పడవ ఈశాన్యంగా కొట్టుకుపోతోంది. అన్న పడవ వెళ్లింది కూడా అటే. ఎనిమిదయింది. ఎనిమిదిన్నరయింది.

అప్పుడు ఎల్లాజీ పడవ ముందు అరలో చెయ్యి పెట్టి, బయల్దేరకముందే దాచి ఉంచిన, మూతకు మైనం వేసిన ఇరవై లీటర్ల పెట్రోలు డబ్బా బయటకు లాగాడు. దానితో పాటు కొత్త గొట్టం చుట్ట. రెండూ పరదేశి ముందు పెట్టి, తలకింద తువ్వాలు పెట్టుకుని పడుకున్నాడు.

పరదేశి ఎడమ ఇంజను గొట్టం ఊడదీశాడు. ఫిల్టరు కడిగాడు. కార్బురేటరు అడుగున మర విప్పి నీళ్లు వంపాడు. ప్లగ్గులు తీసి ఎండలో ఆరబెట్టాడు. ఒక ప్లగ్గు రెండుసార్లు జారిపోబోయింది. ఎడమది అయ్యాక కుడిది మొదలుపెట్టాడు. అన్నీ మళ్లీ మొదటినుంచి.

"రెండైతే రెండింతల పని," అన్నాడు ఎల్లాజీ కళ్లు తెరవకుండా.

పదకొండు దాటాక ఇంజన్లు లేచాయి.

ఒడ్డుకు చేరగానే పరదేశి ఖాళీ సీసా పట్టుకుని తిన్నగా ఇంటికి వెళ్లాడు. తలుపు దగ్గరగా వేశాడు. లోపల ఏం మాట్లాడుకున్నారో బయట ఎవరికీ వినపడలేదు. పోలమ్మ గొంతు ఒక్కసారి పైకి లేచింది. తర్వాత ఏదో గోడకు తగిలి పడిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు. సాయంత్రం ఆమె బయటికి వచ్చి నీళ్లు పట్టుకుంది.

శుక్రవారం పరదేశి షాపువాడికి ఫోను చేశాడు. "రెండు," అన్నాడు. "ట్యాంకులు కూడా రెండు కావాల. దేనికదే. ఒకదాని గొట్టం ఇంకోదాన్ని తాకకూడదు."

షాపువాడు, "బరువెక్కువవుద్ది కదా బాబూ," అన్నాడు.

"అవనీ. తెడ్లు కూడా పెడతాను."

ఆ రోజే నలుగురు మనుషులనూ పిలిచి, అన్న ట్యాంకు ఎవరు నింపారో చెప్పాడు. ఎక్కడం ఎక్కకపోవడం మీ ఇష్టం అన్నాడు. ఒకడు మానేశాడు. ముగ్గురు మిగిలారు. ఇంటి వెనక డ్రమ్ములో ఉన్నదంతా పారబోసి, ఖాళీ డ్రమ్మును పక్కకు పడుకోబెట్టాడు. కొత్తది తెచ్చి దాన్నీ పడుకోబెట్టి, పైన రేకు కప్పాడు.

పోలమ్మ తొమ్మిది రోజులు అతనితో మాట్లాడలేదు. అన్నం వండి మూత పెట్టి పక్కింటికి వెళ్లిపోయేది.

పదో రోజు కొత్త పడవ మొదటిసారి నీళ్లలోకి దిగాలి. పసుపు రాశారు, కొబ్బరికాయ కొట్టారు. ముగ్గురు మనుషులూ అలల అంచున పడవను పట్టుకుని నిలబడ్డారు. ఎల్లాజీ కర్ర పట్టుకుని ఇసుకలో నిలబడ్డాడు. రెండు ట్యాంకులూ మూతలు తెరిచి ఉన్నాయి. ఖాళీగా ఉన్నాయి.

పరదేశి ఎవరినీ అడగలేదు. డబ్బా ముట్టుకోలేదు. ఇంటివైపు కూడా చూడలేదు.

అరగంట గడిచింది. ఆటు మొదలై నీళ్లు వెనక్కి పోబోతున్నాయి. "మావా, నువ్వే పోసీ," అన్నాడు ముగ్గురిలో పెద్దవాడు ఎల్లాజీతో. ఎల్లాజీ వినపడనట్టు సముద్రం వైపు చూశాడు.

అప్పుడు పోలమ్మ వచ్చింది. నెత్తిన డబ్బా, చేతిలో సీసా. సీసా మూతి ఒకవైపు పగిలి ఉంది. ఆమె డబ్బా దించి, సీసా నిండా పెట్రోలు పట్టి, ఇసుకలో నిలబెట్టి, దాని ఎదురుగా గొంతుక్కూర్చుంది. కొంతసేపయ్యాక తీసి ఎండకు అడ్డం పట్టుకుని చూసింది.

పైనుంచి అడుగు దాకా ఒకే రంగు.

ఆమె సీసా దించలేదు. చెయ్యి కొంచెం వంచి ఇంకోవైపు నుంచి చూసింది. అలలు వచ్చి పోతున్నాయి. పడవను పట్టుకున్న వాళ్ల భుజాలు లాగుతున్నాయి.

"ఎంతసేపు సూత్తావు వదినా?" అన్నాడు పెద్దవాడు. "ఆయిలే కదా!"

ఎల్లాజీ కర్ర పక్కన పెట్టి ఇసుకలో కూర్చున్నాడు.

"సూడనీరా," అన్నాడు.