దొరగారి రెండో తుమ్ము

ముమ్మడిరాజు నిండు కొలువులో మెళ్ళో ముత్యాల హారం చూపించి పందెం పెట్టాడు. "రేపు మధ్యాహ్నంలోగా ఓడ దొర ఒప్పందం మీద నా ముద్ర పడాలి. పడేట్టు చేసినవాడికి ఈ హారం."

ముద్ర రాజుగారి చేతిలోనే ఉంది కదా, వేసేసుకోవచ్చు కదా అంటారు మీరు. అక్కడే ఉంది తిరకాసంతా.

సముద్రం అవతలి నుంచి హెండ్రిక్కు అనే దొర ఓడ వేసుకుని ఆ రాజ్యం రేవుకొచ్చాడు. పదహారు ఊళ్ళ నేతగాళ్ళు ఆర్నెల్లు కూర్చుని నేసిన బట్టంతా కొంటానన్నాడు. బేరం కుదిరింది. ముద్ర వేసే ముందు సాంబ్రాణి పొగ వెయ్యడం ఆ కోటలో ఆచారం. వేశారు. దొర తుమ్మాడు. ఒక్కసారే.

ఒంటి తుమ్ము! రాజు ముద్ర కింద పెట్టి, లేచి, లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగాడు. మన ఇళ్ళలో అయితే కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరతాం. ఆయన రాజు కదా, ఆయన కాసేపంటే మర్నాడు.

మర్నాడూ పొగ వేశారు. మర్నాడూ తుమ్మాడు.

"మీ రాజు ఎందుకలా లేచి వెళ్ళిపోతున్నాడు?" అని దొర శరభయ్యని అడిగాడు. శరభయ్య ఆస్థాన దుబాసీ. ఏడు భాషలొచ్చు. ఉన్నమాట చెప్పడం మాత్రం ఒక్క భాషలోనూ రాదు. ఇంత పెద్ద రాజు తుమ్ముకి ఆగాడంటే పరువు పోతుందనుకుని, "మా ప్రభువుకి ధర నచ్చలేదు" అన్నాడు.

పాపం దొర ధర పెంచాడు. మూడోనాడు, పెంచిన ధర మీద కూడా తుమ్మాడు.

రాజు మళ్ళీ లేచాడు. దొర మొహం కందగడ్డ అయిపోయింది. రేపు మధ్యాహ్నం తెరచాప ఎత్తేస్తాననీ, పక్క రాజ్యంలో బట్ట కొనుక్కుంటాననీ చెప్పి పోయాడు. శరభయ్య ఆ మాట రాజుకి చేరవేసి, "మనిషికి పొగరు మహారాజా" అని దానికి అర్థం కూడా తనే చెప్పాడు.

అదీ రాజుగారు పందెం పెట్టిన సందర్భం.

"సాంబ్రాణి మానేస్తే?" అన్నాడు మంత్రి.

"తాతలనాటి ఆచారం."

"పోనీ, తుమ్ముని పట్టించుకోకపోతే?"

"అదీ తాతలదే" అన్నాడు రాజు.

అప్పుడు సింహాసనం వెనకనుంచి ఓ గొంతు వినపడింది. "నేను వేయిస్తాను మహారాజా."

రాజుగారి ముక్కుపొడుం డబ్బా మోసే పేరన్న.

శరభయ్య పకపకా నవ్వాడు. "ఏమోయ్, నీకెన్ని భాషలొచ్చు?"

"ఒకటేనండి. అదీ మా ఆవిడ మాట్లాడనిస్తేనే."

"మహారాజా, వీడు ఓడితే డబ్బా ఇక్కడ పెట్టి, పెళ్ళాంబిడ్డలతో ఊరు వదిలి పోవాలి!"

"సరే" అన్నాడు రాజు. పేరన్నా సరే అన్నాడు. అనక ఏం చేస్తాడు?

తిన్నగా రేవుకి పోయాడు. ఓడవాళ్ళ మధ్య చతికిలబడి డబ్బా తెరిచి తలా చిటికెడు పెట్టాడు. అలవాటులేని ముక్కులు కదా, ఒకడు తుమ్మాడు. మోస్తున్నవాళ్ళు మూటలు దింపి మరీ, అందరూ కలిసి ఏదో ఒక మాటన్నారు. తుమ్మినవాడు నవ్వి తలవంచాడు. ఇంకోడు తుమ్మాడు. మళ్ళీ అదే మాట, అదే తలవంచడం.

పేరన్నకి విషయం తెలిసిపోయింది. వాళ్ళ దేశంలో తుమ్మితే దీవిస్తారు! మనవాళ్ళు దీవించకపోగా లేచి పోయారు. పెళ్ళికి పిలిచి మొహం తిప్పుకున్నట్టే కదండీ!

కోటకొచ్చి కొలువువాళ్ళందరికీ చెప్పాడు. "రేపు దొర తుమ్మగానే, చంటిపిల్లలకి అంటామే, అట్లా అందరూ 'చిరంజీవ' అనండి."

"అరవయ్యేళ్ళవాణ్ణా?" అన్నాడు సేనాపతి.

"తుమ్మేటప్పుడు ఎవరైనా చంటిపిల్లలేనండి."

మర్నాడు పేరన్న కాళ్ళావేళ్ళా పడితే దొర వచ్చాడు, నిలబడే ఉన్నాడు. పొగ వేశారు. తుమ్మాడు.

"చిరంజీవ!" అంది కొలువు కొలువంతా, చేతులెత్తి.

దొర బిత్తరపోయి చుట్టూ చూశాడు. మెల్లిగా మొహం విచ్చుకుంది. టోపీ తీసి తలవంచాడు. కూర్చున్నాడు కూడా.

ఇటు రాజుగారు మాత్రం లేవబోతున్నారు. పేరన్న ఒక్క గెంతులో దొర ముందుకెళ్ళి, రెండు చేతులా పొడుం డబ్బా పట్టాడు. మర్యాదగా ఇచ్చినదాన్ని మర్యాదగా తీసుకోవాలి కదా, దొర పెద్ద చిటికెడే పీల్చాడు.

కోట అదిరిపోయింది.

"రెండో తుమ్ము మహారాజా! శుభం!" అన్నాడు పేరన్న.

రాజుగారు కూర్చున్నారు. మూడోది వచ్చేలోగా ముద్ర పడిపోయింది.

శరభయ్య ఎగిరి లేచాడు. "మహారాజా, ఇది చెల్లదు! అది పొడుం తుమ్ము! అసలు..."

పేరన్న తలుపు తీసినట్టు డబ్బా తెరిచి, ఆయన ముక్కు కిందే టప్పున మూశాడు. శరభయ్య తుమ్మాడు. ఒక్కసారే.

కొలువంతా ఊపిరి బిగబట్టి రెండోదాని కోసం చూసింది. రాలేదు.

"ఒంటి తుమ్ము మహారాజా. అయ్యగారి మాటకి అడ్డొచ్చింది. మంచినీళ్ళు తాగి రేపు చెప్పమనండి."

దొరొక్కడే చటుక్కున లేచాడు. చేతులు రెండూ ఎత్తి, తనకొచ్చిన ఒకే ఒక్క తెలుగు ముక్కతో శరభయ్యని మనసారా దీవించాడు.

"చిరంజీవ!"

కొలువు గొల్లున నవ్వింది. ముమ్మడిరాజు నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, హారం తీసి పేరన్న మెళ్ళో వేసి, శరభయ్యకి మంచినీళ్ళు తెప్పించాడు.