పళ్ళెంలో మిగిలిన బోల్టు

పరిపూర్ణమ్మగారిని ప్రశ్న అడిగినవాళ్ళకు జవాబు ఆ రోజే దొరుకుతుందన్న హామీ ఉండేది కాదు. అడిగింది విని, "ఊఁ" అని, చేతిలో ఉన్న పనిలోకి వెళ్ళిపోయేవారావిడ. ఒక్కోసారి ఆ "ఊఁ" నెలల తరబడి సాగేది. కొందరు విసిగి ఆవిడ ఆశ్రమం వదిలి వెళ్ళిపోయారు. విసిగినా వెళ్ళనివాళ్ళలో పుండరీకం ఒకడు. ఇక్కడికి రాకముందు అతను పద్నాలుగేళ్ళు బీమా కంపెనీలో క్లెయిములు పరిశీలించాడు. కాలిపోయిన గోదాము చూసి, నిప్పు తనంతట తాను అంటుకుందో, ఎవరైనా అంటించారో చెప్పగలిగేవాడు. ఏడుస్తున్న మనిషి కన్నీళ్ళను కాక, ఆ కళ్ళు మధ్యమధ్య ఎవరి వైపు తిరుగుతున్నాయో చూసేవాడు. ఉద్యోగం వదిలినా ఆ చూపు మాత్రం అతన్ని వదల్లేదు.

ఒక సోమవారం సాయంత్రం పాఠం ముగిశాక అతను అడిగాడు: "అమ్మా, ఒక మనిషి అబద్ధాలకోరని తేలిపోయింది. ఆ తర్వాత కూడా వాడి మాటలో నిజం ఉందేమోనని వెతకడం నా పనేనా? ఒకవేళ ఉంటే, దాన్ని గుర్తుపట్టేదెలా?"

ఆ మనిషి ఎవరని ఆవిడ అడగలేదు. ఆశ్రమంలో అందరికీ తెలిసిన సంగతే. "ఊఁ" అని చిక్కుడుకాయల ఈనెలు తీయడంలో పడ్డారు.

ఆ మనిషి రామచంద్రపురంలో షెడ్డు నడిపే మెకానిక్ ఏడుకొండలు. ఆశ్రమం వ్యానుకు ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు మార్చింది అతనే. మార్చిన మర్నాటి నుంచీ బ్రేకు నొక్కితే బండి ఎడమకు లాగడం, చక్రంలో ఏదో టకటకమనడం మొదలైంది. పుండరీకం బండి వెనక్కి తీసుకెళ్తే, ఏడుకొండలు చక్రం విప్పకుండానే చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "కొత్త ప్యాడ్లండి, నాలుగు రోజులు తిరిగితే అవే సర్దుకుంటాయి" అన్నాడు. శనివారం మళ్ళీ తీసుకెళ్తే నలుగురి ముందూ నవ్వాడు. "బండికేం కాలేదండి. మీ కాలే కాస్త అనుమానంగా నొక్కుతోంది" అన్నాడు. షెడ్డు దగ్గర టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు పట్టుకుని మరీ నవ్వారు.

పుండరీకానికి అంతా అర్థమైపోయింది. కంపెనీ ప్యాడ్లని చెప్పి డూప్లికేటువి వేశాడు, విప్పితే బయటపడుతుందని విప్పడం లేదు. ఆ రాత్రే మూడు పేజీల ఫిర్యాదు రాశాడు. వినియోగదారుల ఫోరానికి ఇచ్చేలోపు గురువారం నాడు వేరే ఊరి నుంచి ఒక నిపుణుణ్ణి రప్పించి చక్రం విప్పించాలి. అంతదాకా దాని మీద ఎవరి చెయ్యీ పడకూడదు. నకిలీ ప్యాడ్లే కదా, నెమ్మదిగా పోనిస్తే పర్వాలేదనుకున్నాడు. అంతకు మించి అందులో ఏదైనా ఉండొచ్చని అతనికి తోచలేదు. దొంగతనం వాసన పట్టిన ముక్కుకు ఇంకో వాసన తగల్లేదు.

మంగళవారం పొద్దున్నే కళ్ళ ఆపరేషనుకు కాకినాడ వెళ్ళాల్సిన ఏడుగురు ముసలమ్మలు వ్యానులో సర్దుకుని కూర్చున్నారు. పెద్ద డాక్టరు నెలకొక్కసారే వస్తాడు, మధ్యాహ్నానికల్లా వెళ్ళిపోతాడు. పుండరీకం తాళంచెవి పట్టుకుని వస్తూండగా గేటు లోంచి మోపెడ్ ఒకటి దూసుకొచ్చింది. దాన్ని స్టాండు కూడా వెయ్యకుండా గోడకు ఆనించి ఏడుకొండలు పరుగెత్తుకొచ్చాడు.

"బండి తియ్యకండి పుండరీకంగారూ! ఎడమ చక్రం ఒక్కసారి విప్పనివ్వండి."

"మొన్నటిదాకా నా కాల్లో ఉన్న జబ్బు, ఇవాళ చక్రంలోకి ఎలా దిగింది?"

ఏడుకొండలు తల దించుకున్నాడు. "చూడాలండి, అంతే."

"ఏం చూడాలో చెప్పు."

"చూశాక చెప్తానండి."

"కాదు, చూడకముందు చెప్పు."

"చెప్తే మీరు కాగితం మీద పెడతారు. చెప్పకపోతే బండి తీస్తారు. నన్నేం చెయ్యమంటారండి మరి?"

ఎంత చక్కగా అతికించాడు మాట, అనుకున్నాడు పుండరీకం. గురువారం సంగతి వీడి చెవిన పడింది. అసలు ప్యాడ్లు తెచ్చి, నకిలీవి మార్చేసి, తర్వాత ఏమీ తెలియనట్టు నిలబడతాడు. "ఆ సంచిలో ఏముంది?"

"జాకీ, స్పానర్లు. కావాలంటే చూసుకోండి."

పుండరీకం చూడలేదు. చూసుకోమనేవాడు దాచేది సంచిలో కాదని అతని పద్నాలుగేళ్ళ అనుభవం.

వ్యాను కిటికీలోంచి మంగాయమ్మ తల బయటపెట్టింది. "ఒరే పుండరీకం! మీ తగువు తెమిలేలోపు నాకున్న ఆ మసక చూపు కూడా పోయేట్టుందిరా!"

ఆ గోలకు పరిపూర్ణమ్మగారు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చారు. "ఏమంటున్నాడు?"

"బండి తీస్తే ఏదో ప్రమాదం ముంచుకొస్తుందన్నట్టు నటిస్తున్నాడమ్మా. అంతా అబద్ధం."

"అబద్ధమేనా?"

"నూటికి నూరు పాళ్ళూ."

"అయితే ఇంకేం" అంటూ ఆవిడ ముందు తలుపు తీసుకుని డ్రైవరు పక్క సీట్లో కూర్చున్నారు. "పోనీ."

పుండరీకం ఎక్కి కూర్చున్నాడు. ఏడుకొండలు బండికి అడ్డంగా వచ్చి, బంపరును రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. "అమ్మగారూ, మీరైనా దిగండి" అన్నాడు. ఆవిడ రోడ్డు వైపే చూస్తున్నారు. పుండరీకం ముందరి అద్దంలోంచి ఏడుకొండలు ముఖాన్ని వరస పెట్టి పరీక్షించాడు. చెమట పట్టింది: ఎండలో వచ్చాడు కాబట్టి. చేతులు వణుకుతున్నాయి: కేసంటే భయం కాబట్టి. గొంతు ఆరిపోయింది: దుమ్ము కాబట్టి. ప్రతి గుర్తుకూ అతని దగ్గర ఇంకో కారణం సిద్ధంగా ఉంది. తాళంచెవి దూర్చాడు.

ఇక మణికట్టు కొంచెం తిప్పితే చాలు. తిప్పమని తనకు తానే చెప్పుకున్నాడు. మళ్ళీ చెప్పుకున్నాడు. చెయ్యి అలాగే ఉండిపోయింది.

చాలాసేపటికి అతను కిందికి దిగాడు. "నా కళ్ళముందే విప్పు. నీ చేతులు రెండూ నాకు కనిపిస్తూ ఉండాలి."

ముసలమ్మలు సణుక్కుంటూ దిగారు. జాకీ లేచింది, చక్రం ఊడింది. ఏడుకొండలు ముట్టుకోకుండా వేలితో చూపించాడు. ప్యాడ్లను పట్టి ఉంచే ఇనుప దిమ్మను రెండు బోల్టులు బిగించి ఉంచాలి. కింది బోల్టు ఉండాల్సిన చోట ఉత్త కన్నం ఉంది. పై బోల్టు వేళ్ళతో తిప్పితే తిరుగుతోంది. ప్యాడ్లు మాత్రం కంపెనీవే, పేరు చెక్కినవి, అసలువి. ఏడుకొండలు చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. అందులో జిడ్డు ఓడుతున్న బోల్టు ఒకటి.

"ఏ బండి బోల్టులు ఆ బండి పళ్ళెంలో వేసుకుంటానండి. పొద్దున మీ బండికి వాడిన పళ్ళెంలోని కిరసనాయిలు పారబోస్తే అడుగున ఇది కనపడింది. టీ గ్లాసు అక్కడే పడేసి వచ్చాను, ఆయ్."

"మరి శనివారం నవ్వావే?"

"నవ్వానండి. అంతమంది ముందు ఒక్కసారి నాది తప్పన్నానంటే, రేపట్నుంచి ఈ రోడ్డు మీద ఆగిన ప్రతి బండీ నా నెత్తినే పడుతుంది. అందుకే నవ్వాను. ఫోటోలు తీసుకోండి బాబూ. ఉన్నదేగా, రాసుకోండి."

పుండరీకం ఫోటోలు తీసుకున్నాడు. ఏడుకొండలు రెండు బోల్టులూ బిగించాక, పుండరీకం స్పానరు తానే అందుకుని మళ్ళీ లాగి చూశాడు. చక్రం ఎక్కింది, ముసలమ్మలూ ఎక్కారు. "నువ్వూ ఎక్కు, కాకినాడ దాకా" అన్నాడు పుండరీకం. ఏడుకొండలు వెనక్కి వెళ్తే, మంగాయమ్మ పక్కకు జరిగి, "రా నాయనా, కూర్చో. పోతే అందరం కలిసే పోదాం, తోడుంటావు" అంది.

అందరూ నవ్వారు. పుండరీకానికి నవ్వు రాలేదు. పరిపూర్ణమ్మగారు కూర్చున్న వైపు ముందు కిటికీ దగ్గరకు వచ్చి, వెనకవాళ్ళకు వినపడకుండా గొంతు తగ్గించాడు. "అమ్మా, కన్నం ఖాళీగా ఉండటం చూశాను. కాదనను. కానీ చక్రం పక్కకు దొర్లించేటప్పుడు ఒక్క క్షణం వాడి కుడి చెయ్యి నాకు కనపడలేదు. బోల్టు అప్పుడే తీసి ఉండొచ్చు. వీడు నిజమే చెప్పాడని ఎవరు చెప్పగలరు?"

పరిపూర్ణమ్మగారు అతని వైపు తిరిగారు.

"నన్నెందుకు అడగడం? చక్రం ఊడకముందే తాళం తిప్పనన్నది నీ చెయ్యే కదా. దాన్నే అడుగు."